పురానాపూల్ సత్రంలో పగటి నిద్ర

ఆండాలుకు ఆ ఇల్లు సత్రం కాకముందు నుంచే తెలుసు. పురానాపూల్ దాటి మూసీ ఒడ్డు వెంబడి కొంచెం దూరం నడిస్తే, చాకలి రేవుకు ఎదురుగా ఉండేది. కింద టేకు స్తంభాల పెద్ద హాలు, వెనక రెండు గోడల మధ్య ఇరుకైన రాతి మెట్లు, పైన అంతే పెద్ద ఇంకో హాలు, దాని ముందు ఏటిని చూస్తూ డాబా. నయాపూల్‌లో చింతపండు, మిరపకాయలు టోకున అమ్మే ప్రహ్లాద్ సేటు దాన్ని గోదాముగా వాడుకునేవాడు. భర్త పోయాక ఆండాలు ఆ గోదాములో చింతపండు గింజ తీసే పనికి కుదిరింది. పద్నాలుగేళ్లు అక్కడే కూర్చుని గింజలు తీసింది. కూతురు పెళ్లి చేసి జియాగూడకు పంపింది కూడా ఆ పని మీదే.

ఆ పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఆమెకు వింతగా ఏదీ కనిపించలేదు. మధ్యాహ్నం కాగానే ఆడవాళ్లంతా అన్నానికి ఇళ్లకు పోయేవాళ్లు. హమాలీలు బయట నీడన కునుకు తీసేవాళ్లు. పగటి పూట ఆ గోడల మధ్య నిద్రపోయిన మనిషి ఒక్కరూ లేరు. ఈ సంగతి ఆండాలుకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు.

డెబ్బై రెండులో ప్రహ్లాద్ సేటు తిరుపతి వెళ్తూ కాచిగూడ స్టేషన్లో ఒక దృశ్యం చూశాడు. నాందేడు, పర్భణీ వైపు నుంచి పొద్దున రైలు దిగిన మరాఠీ యాత్రికులు సాయంత్రం బస్సు దాకా ప్లాట్‌ఫారం మీదే మూటల పక్కన ఎండకు మాడుతున్నారు. ఆడవాళ్లకు చీర మార్చుకునే చాటు లేదు. ముసలివాళ్లకు కాళ్లు చాపే చోటు లేదు. సేటు తిరిగొచ్చాక గోదాము ఖాళీ చేయించి సున్నం కొట్టించాడు.

"ఆండాలూ, గింజల పని బంద్ జెయ్. ఇగ మనుషులను సూసుకునే పని నీది," అన్నాడు.

"ఏ మనుషులు సేటూ?"

"దేవుని కాడికి పొయ్యేటోళ్లు. పొద్దుగాల వస్తరు, తానాలు జేస్తరు, తింటరు, పంటరు. సాయంత్రం మన వాకిట్లకెళ్లే నేను నడిపిచ్చే తిరుపతి బస్సు ఎక్కుతరు. పుణ్యానికి పుణ్యం, యాపారానికి యాపారం."

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. స్టేషన్లో దలారులు దిగినవాళ్లను దిగినట్టే లాడ్జీలకు ఎగరేసుకుపోయేవాళ్లు. సత్రం బోర్డు తెలుగులో ఉంది, వచ్చేవాళ్లకు తెలుగు రాదు. చివరికి ఆండాలే ఒక కర్రకు పసుపు బట్ట కట్టుకుని రోజూ పొద్దున్నే కాచిగూడ వెళ్లి నిలబడింది. "యా మావ్‌శీ, గరమ్ పాణీ ఆహే" అని, పిన్నీ రా అంటూ మరాఠీలో పిలవడం నేర్చుకుంది. వేడి నీళ్ల మాట వినగానే ముసలమ్మలు ఆగేవాళ్లు. ముసలమ్మలు ఆగితే గుంపంతా ఆగేది. వాళ్లకు అన్నం కంటే జొన్న రొట్టె మీద మనసని కనిపెట్టి రొట్టెలు చేసే మనిషిని పెట్టించింది. స్నానాల గది ముందు గోనెపట్టా కట్టించింది. ఏడాది తిరిగేసరికి నాందేడు వైపు ఆ సత్రం పేరు తెలియని ఊరు లేదని యాత్రికులే చెప్పడం మొదలుపెట్టారు.

మొదటిసారి అది జరిగింది డెబ్బై మూడు ఎండాకాలంలో.

ఆ రోజు పర్భణీ నుంచి ఇరవై ఆరుగురు వచ్చారు. అంతకుముందెప్పుడూ ఒకేసారి అంతమంది రాలేదు. భోజనాలయ్యాక కింది హాల్లో చాపల మీద నడుం వాల్చారు. ఆండాలు గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. బయట ఎండ తెల్లగా మండుతోంది. లోపల గురకలు, పంకా కిర్రుమనే చప్పుడు. ఉన్నట్టుండి గురకలు ఆగిపోయాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే ఆగాయి. ఆమె తలెత్తి చూసింది. ఇరవై ఆరుగురూ లేచి నిలబడి ఉన్నారు.

కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఆడవాళ్లు వంగి చీర కుచ్చెళ్లు మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకున్నారు. మగవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకున్నారు. ఒకాయన పక్కనున్న పరాయి పిల్లను భుజం మీదికి ఎక్కించుకున్నాడు. అందరూ పొడి నేల మీద, ఏటికి అడ్డం పడి నడిచే మనుషుల్లా, కాళ్లు బరువుగా ఈడ్చుకుంటూ మెట్ల వైపు కదిలారు.

"ఏందమ్మా? ఏం గావాలె?" అంది ఆండాలు. చాట అక్కడే వదిలేసి వాళ్ల వెనకే మెట్లెక్కింది.

వాళ్లు పై హాలు దాటి డాబా మీదికి వెళ్లారు. ఏటి వైపు ఒక్కరూ చూడలేదు. చూసినా అక్కడేముంది, ఎండలో మెరిసే సన్నటి పాయ, రాళ్ల మీద చాకలివాళ్లు ఆరేసిన బట్టలు. వాళ్లందరూ వెనక్కి తిరిగి, తామెక్కి వచ్చిన మెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంకా రావలసినవాళ్లు ఎవరో ఉన్నట్టు ఎదురుచూశారు. ఆ చూపులకు ఎదురుగా మెట్ల తల దగ్గర ఆండాలు ఒక్కతే నిలబడి ఉంది. తన వెనక ఎవరైనా ఉన్నారేమో అనిపించింది. తిరిగి చూడడానికి మెడ రాలేదు.

కాసేపటికి ఒక్కొక్కరే పై హాల్లోకి వచ్చి కూలబడి, ఒరిగి, మళ్లీ గురకల్లో పడ్డారు. మూడింటికి లేచి, కింద కదా పడుకున్నాం, పైకెట్లా వచ్చామని ఒకరినొకరు అడుక్కుని నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే బస్సెక్కారు.

ఆండాలు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పది రోజులకు గుల్బర్గా నుంచి కన్నడం మాట్లాడేవాళ్లు ముప్పై మంది వచ్చారు. వాళ్లూ అదే వేళకు లేచారు, అలాగే కుచ్చెళ్లు ఎత్తుకున్నారు, అలాగే మెట్ల వైపు తిరిగి చూశారు. భాష వేరు, ఊరు వేరు, నడక మాత్రం ఒకటే. అప్పుడిక ఆమె నయాపూల్ వెళ్లి సేటుకు చెప్పింది.

"ఉక్కకు నిద్రల లేస్తున్నరు. ఇంకో రెండు పంకాలు ఏపిస్త," అన్నాడు సేటు. పంకాలు వేయించాడు. మర్నాడు తానే వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. గుంపు లేచి తన పక్క నుంచే నడిచిపోతుంటే స్తంభానికి వీపు ఆనించి నిలబడిపోయాడు. అంతా అయ్యాక మంచినీళ్లు అడిగి తాగాడు. "ఎవ్వలకు చెప్పకు ఆండాలూ. పేరు ఖరాబైతది," అని మాత్రం అన్నాడు.

సత్రం దుప్పట్లు ఉతికే కైలాసం తాతకు అప్పటికి డెబ్బై అయిదేళ్లు ఉంటాయి. ఒక రోజు దుప్పట్లు మూట కడుతున్న తాత దగ్గర ఆండాలు కూర్చుంది.

"తాతా, గీ ఇంట్ల ముందుగాల ఏమైంది?"

తాత మూట ముడి బిగించాడు. తర్వాత ఏటి వైపు చూస్తూ చెప్పాడు.

"తుగ్యానీ, గా పెద్ద వరద నాడు నాకు పదేండ్లు బిడ్డా. మూసీ గసొంటి ఒడ్డూ మింగింది, గిసొంటి ఒడ్డూ మింగింది. మా అవ్వ నా చెయ్యి వట్టుకొని కార్వాన్ దిక్కు ఉరికింది, గట్ల బతికిన. గీ ఇల్లు అప్పుడు సేటోళ్లది గాదు, ఎవలో జాగీర్‌దారుది. గాయన సామానంత మిద్దె మీదికి ఎక్కిచ్చి, మెట్ల మీది తలుపుకు తాళమేసి, ఇంటోళ్లను దీస్కొని ముందుగాలనే పొయిండు. వానకు తలదాసుకుందామని బాటెంట పొయ్యేటోళ్లు, కూలోళ్లు, మొక్కుకు పోతున్న జనం, అందరు గీ కింది హాల్ల జొచ్చిండ్రు. నీళ్లు ఒక్కపారి వచ్చినయి."

"తలుపు?"

"నీళ్లు గుంజినంక మా బాపు మనుషులను తియ్యనీకి వచ్చిండు. మెట్ల నిండ ఉన్నరట. తలుపు మాత్రం గట్లనే ఉన్నదట. బాపు చచ్చెదాక గా మాట ఇంకోపారి చెప్పలే."

ఆండాలు లోపలికి వెళ్లి మెట్ల తల దగ్గరున్న ఖాళీ ద్వారబంధం మీద చెయ్యి వేసి చూసింది. బందులు బిగించిన చోట పాత మేకుల గుంతలు వేలికి తగిలాయి. వాటికింద, చెక్క మీద, చిన్న చిన్న గీతలు ఉన్నాయి. చింతపండు బస్తాలు రాసుకుని పడ్డ గీతలని ఇన్నాళ్లూ అనుకుంది.

ఆ ఏడే ప్రభుత్వం యాత్రికుల వసతులకు సాయం చేస్తుందని సేటుకు తెలిసింది. టూరిజం ఆఫీసు జాబితాలో పేరెక్కితే స్టేషన్లో బోర్డు పెట్టుకోవచ్చు, ఇంకో రెండు బస్సులకు పర్మిట్ అడగొచ్చు, మరుగుదొడ్లు కట్టించుకోవచ్చు. ఆఫీసరు తనిఖీకి వచ్చే రోజు ఖాయమైంది. మరుగుదొడ్ల పని అప్పుడే మొదలు పెట్టించాడు సేటు. మేస్త్రీ ఇస్సాకు ఇంటి వెనక ఇటుకలు పేరుస్తున్నాడు.

తనిఖీ రోజు పొద్దున్నే సేటు వడ్రంగిని తెచ్చి మెట్ల తల దగ్గర కొత్త తలుపు బిగించాడు. దానికి పెద్ద తాళం వేశాడు.

ఆండాలు దాన్ని చూసి పరుగున వచ్చింది. "సేటూ, నీ కాల్మొక్త, తలుపు వద్దు. కైలాసం తాత ఏం చెప్పిండో ఇను."

సేటు విన్నాడు. మొహంలో రంగు మారింది కానీ మాట మారలేదు. "ఒక్క దినం ఆండాలూ. ఆఫీసరు ముందట జనం నిద్రల నడిస్తే మన పని ఖతం. ఆయన పోంగనే తీపిస్త."

ఆ రోజు నలభై మందికి పైగా వచ్చారు. ఆఫీసరు పదకొండింటికి వచ్చి వంటిల్లు, నీళ్ల తొట్టి, రిజిస్టరు అన్నీ చూశాడు. రొట్టెలు బాగున్నాయని రెండోసారి వడ్డించుకున్నాడు. అప్పుడే పోతాడనుకుంటే, ఎండ తగ్గాక వెళ్తానని హాల్లో పంకా కింద కుర్చీలో కూర్చుని కళ్లు మూశాడు. సేటు ఆండాలు వైపు చూశాడు. ఆమె చూపు మెట్ల మీద ఉంది.

గురకలు ఆగాయి.

అందరూ లేచారు. ఆఫీసరు కూడా లేచాడు. ఫైలు నెత్తిన పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా లాక్కుని, గుంపులో కలిశాడు. ముందువాళ్లు మెట్లెక్కి తలుపు దగ్గర ఆగిపోయారు. వెనకవాళ్లు ఆగలేదు. మెట్ల నిండా మనుషులు బిగుసుకుపోయారు. తలుపు మీద చేతులు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. కొట్టడం లేదు, అరవడం లేదు, ఒత్తుతున్నారంతే. చెక్క మూలుగుతోంది. కింది మెట్ల మీద ఉన్న పొట్టివాళ్లు గడ్డాలు పైకెత్తి, మొహాలు కప్పు వైపు తిప్పి, నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నారు. ఒక ముసలమ్మ ఎవరి బిడ్డనో రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకుంది.

"తాళంచెయ్యి! సేటూ, తాళంచెయ్యి!" అని అరిచింది ఆండాలు. తాళంచెవి సేటు జేబులోనే ఉంది. దాన్ని తలుపు దాకా తీసుకెళ్లే దారి లేదు.

ఆమె ఇంటి వెనక్కి ఉరికింది. "ఇస్సాకూ! నిచ్చెనేసుకొని మిద్దెక్కు. ఆ దిక్కుకెళ్లి తలుపు పలగ్గొట్టు!"

"ఏమైందక్కా?"

"తర్వాత చెప్త, జనం సస్తరు, ఎక్కు!"

ఇస్సాకు సుత్తె నడుముకు దోపుకుని నిచ్చెనెక్కాడు. ఆండాలు మళ్లీ లోపలికి వచ్చి మెట్ల మొదట్లో ఆ ముసలమ్మ కింది మెట్టు మీద నిలబడి, పడిపోతున్న బిడ్డకు తన చేతులు ఆసరా ఇచ్చింది. అప్పుడు ఆమెకు పాదాల దగ్గర చల్లగా తగిలింది. చల్లదనం పిక్కల మీదికి పాకింది, మోకాళ్లు దాటింది. బురద వాసన వేసింది. ఆమె కిందికి చూడలేదు. పైన సుత్తె దెబ్బలు వినిపిస్తుంటే వాటినే వింటూ, బిడ్డను ఇంకాస్త పైకెత్తింది.

బందులు ఊడి తలుపు పై హాలు వైపు పడిపోయింది. మెట్ల మీది బిగువు ఒక్కసారి సడలింది. జనం పై హాల్లోకి నడిచారు. అక్కడ ఎవరూ కూలబడలేదు. డాబా దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఇస్సాకు సుత్తె చేతిలో పట్టుకుని గోడకు అతుక్కుపోయి, తనలో తాను ప్రార్థన గొణుక్కుంటున్నాడు.

చివరగా ఆండాలు బిడ్డతో పైకొచ్చింది. వాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆమె నోటికొచ్చిన మాట అనేసింది. "వచ్చిండ్రు. అందరు పైకొచ్చిండ్రు. ఇగ కూసోన్రి."

అందరూ కూర్చున్నారు.

ముసలమ్మకు పక్కటెముక నొప్పి పట్టింది, ఇద్దరికి చేతులు కమిలాయి. అంతకు మించి ఏమీ కాలేదు. ఆఫీసరు డాబా మీద మేలుకుని, ప్యాంటు సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా దుమ్ము దులుపుకున్నాడు. ఫైలు తెరిచి, మేడ మీద గాలి వెలుతురు బాగున్నాయని, యాత్రికులకు అనుకూలమని రాసి సంతకం పెట్టాడు. ఆయన మళ్లీ ఆ గల్లీలో కాలు పెట్టలేదు. సేటు ఆ సాయంత్రమే తలుపు చెక్కలను పొయ్యిలోకి కొట్టించాడు.

ఈసారి మాట దాగలేదు. ఇస్సాకు తన బస్తీలో చెప్పాడు, యాత్రికులు బస్సులో చెప్పుకున్నారు. సేటు భార్య విమలాదేవి నిత్యం పూజలూ వ్రతాలూ చేసే మనిషి. ఆమెకు భయం వేయలేదు, భక్తి కలిగింది. గంగమ్మ తల్లే జనాన్ని మేలుకొలిపి మీదికి నడిపిస్తోందని అంది. మెట్ల పక్కన గంగమ్మ పటం పెట్టించి, నిద్రలో తల్లి పిలిచే మిద్దె అని కరపత్రాలు అచ్చు వేయించింది. నెల తిరక్కుండా బేగంబజారు నుంచి, సికింద్రాబాదు నుంచి జనం విరగబడ్డారు. కొబ్బరికాయల దుకాణాలు రెండు లేచాయి. తల్లి పిలుపు అందుకోవాలని చాపల మీద పడుకుని కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లు. గట్టిగా మూసుకున్న కళ్లకు నిద్ర ఎక్కడ వస్తుంది? నన్ను తొక్కావంటే నన్ను తొక్కావని లొల్లి. రాత్రంతా రైల్లో వచ్చిన పర్భణీ ముసలివాళ్లకు కాళ్లు చాపే చోటు లేక అరుగు మీద ఎండలో కూర్చున్నారు.

ఆండాలు విమలాదేవి ఇంటికి వెళ్లింది.

"అమ్మా, మీకు చెప్పేదాన్ని గాను. జనం సచ్చిన జాగ అది. తమాషాకు పిలుస్తున్నట్టున్నది."

"నోరు మూసుకో. నీకేం తెలుసు దేవుని సంగతి?" అంది విమలాదేవి.

ఆండాలు తల వంచుకుని వచ్చేసింది. వారం తర్వాత వాన పడుతున్న రోజున, పెద్దగా జనం లేని మధ్యాహ్నం, విమలాదేవి పూజ చేయించడానికి వచ్చి, అలసి, యాత్రికుల మధ్యే ఒరిగింది. మేలుకునేసరికి డాబా మీద వానలో నిలబడి ఉంది. ఎవరిదో చంటిబిడ్డను గుండెకు అదుముకుని ఉంది. బిడ్డ తల్లి పక్కన నిలబడి, తన బిడ్డను ఇమ్మని మరాఠీలో ప్రాధేయపడుతోంది. విమలాదేవి చేతులు వదలడం లేదు. వదిలితే మునిగిపోతుందని అంటూ ఏడుస్తోంది. ఆండాలు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆ సాయంత్రం విమలాదేవి తన చేతుల్తోనే కరపత్రాల కట్టలు పొయ్యిలో వేసింది.

కొబ్బరికాయల దుకాణాలు లేచిపోయాయి. సేటు సత్రం మూసేద్దామా అని ఆలోచనలో పడ్డాడు.

"మూసుడెందుకు సేటూ?" అంది ఆండాలు. "వాళ్లకు గావాల్సింది పైకి పోవుడు. మనమే ముందుగాల పైన పండవెడితే? కింద వంట, సామాన్లు వెట్టుకుందం. నిద్ర మాత్రం మిద్దె మీద."

ఇంత చిన్న మాట తనకు తట్టనందుకు సేటు కాసేపు ఆమె మొహం చూసి, సరేనన్నాడు.

ఆ రోజు నుంచి ఎవరూ నిద్రలో లేవలేదు. పై హాల్లో గాలి బాగా వచ్చేది. యాత్రికులు మూడింటి దాకా హాయిగా పడుకునేవాళ్లు. సేటుకు ఫికర్ తీరింది, స్టేషన్లో బోర్డు లేచింది, రెండో బస్సు వచ్చింది. ఆండాలుకు మాత్రం ఒక సంగతి కనపడింది.

చాపలు ఆమె వరసకు పక్కపక్కనే పరిచేది. పన్నెండు దాటాక, అదే వేళకు, నిద్రలో ఉన్నవాళ్లు మెల్లగా ఒత్తిగిల్లేవాళ్లు. కళ్లు తెరవకుండానే ఒకరు అటు, ఒకరు ఇటు జరిగేవాళ్లు. తల్లి పిల్లను దగ్గరికి లాక్కునేది. ఒకాయన మూటను తన తల కిందికి తీసుకునేవాడు. కాసేపటికి వరసల్లో ఖాళీలు ఏర్పడేవి. ఒక్కో ఖాళీ ఒక మనిషి పట్టేంత ఉండేది. కొన్నిచోట్ల తల్లీబిడ్డ పట్టేంత. యాత్రికులు ఒకరి మీద ఒకరు ఒరిగి నలిగిపోతూ కూడా ఆ ఖాళీల్లోకి కాలు చాపేవాళ్లు కాదు. వట్టి గచ్చు అలా ఉండిపోయేది.

కొన్నాళ్లు చూసి చూసి, ఆండాలు జుమేరాత్ బజారు వెళ్లి ఈత చాపలు కొనుక్కొచ్చింది. యాత్రికులు పడుకోకముందే వాళ్ల చాపల మధ్య మధ్య ఖాళీ చాపలు పరిచింది. ఆ మధ్యాహ్నం ఎవరూ జరగలేదు. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఆ చాపలను ఎత్తి ఎత్తి చూసింది. తడి లేదు, ముడత లేదు. పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. అయినా మర్నాడు మళ్లీ పరిచింది. అలా ఏళ్ల తరబడి పరిచింది. ఎవరైనా అడిగితే, "ఇంకా వచ్చేటోళ్లున్నరు మావ్‌శీ" అని మరాఠీ మాటలు కలిపి చెప్పేది. అబద్ధం చెప్తున్నానని ఆమెకు అనిపించలేదు.

ఎనభైల మొదట్లో ఒకసారి పాతబస్తీలో గొడవలై, పట్టపగలు కర్ఫ్యూ పెట్టారు. అప్పటికి యాత్రికులు ముప్పై మంది సత్రంలో ఉన్నారు. బస్సు రాదని తేలిపోయింది. వాళ్లు కాక, ఇళ్లకు చేరలేక గల్లీలో చిక్కుకున్నవాళ్లు తలుపు తట్టారు. యాకుత్‌పురా వెళ్లాల్సిన బురఖా ఆవిడ, ఆమె ముగ్గురు పిల్లలు, కరెంటు ఆఫీసులో పనిచేసే ఇద్దరు, అడ్డా కూలీలు, పూలమ్మే ముసలామె. ఆండాలు తలుపు తీసి, ఒక్కొక్కరి చెయ్యి పట్టి లోపలికి లాగి, మళ్లీ గడియ పెట్టింది. పాలుగారే మొహంతో భయపడుతున్న చిన్న పిల్లకు రొట్టె ముక్క చేతిలో పెట్టింది. సేటు నయాపూల్‌లోనే ఆగిపోయాడు. ఆ ఇంట్లో పెద్ద దిక్కు ఆమే.

"ఇక్కడే ఉండమంటారా అమ్మా, కిందనే?" అని అడిగాడు కరెంటు ఆఫీసు మనిషి.

"కింద వద్దు బిడ్డా. పైకి నడువున్రి."

పైకి తీసుకెళ్లింది. యాత్రికులు అప్పటికే వరసల్లో పడుకున్నారు. వాళ్ల మధ్య ఖాళీ చాపలు తప్ప ఇంకో చోటు లేదు. ఆండాలు మెట్ల తల దగ్గర ఆగిపోయింది. ఈ మనుషులను ఆ చాపల మీద పడుకోబెట్టడమా, మానడమా? ఏళ్లుగా ఒకరి కోసం పరిచిన చాప మీద ఇంకొకరిని ఎలా కూర్చోబెట్టేది? బయట దూరంగా ఎక్కడో అరుపులు, లారీ హారన్లు వినిపిస్తున్నాయి. బురఖా ఆవిడ చంకలో పిల్ల నిద్రకు తూలుతోంది.

ఆండాలు చేతులు జోడించింది. హాలు మధ్యకు చూస్తూ, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు, మామూలు గొంతుతో అడిగింది.

"వీళ్లకు ఇండ్లకు పోనీకి తొవ్వ లేదు. పిల్లలున్నరు. జరంత సర్దుకోన్రి."

పంకా తిరుగుతోంది. ఆ వేళకు ఎప్పుడూ రాని గాలి ఏటి వైపు నుంచి లోపలికి వచ్చింది. పడుకున్న యాత్రికుల్లో ఎవరూ మేలుకోలేదు. ఉన్నవాళ్లంతా ఉన్నచోటనే ఉన్నారు. కానీ ఖాళీ చాపలు ఒక్కొక్కటే, అంచు పట్టుకుని ఎవరో మెల్లగా లాగినట్టు, గోడ వారకు జరిగాయి. గచ్చు మీద ఈత చాప రాసుకునే చప్పుడు ఆండాలు చెవులారా విన్నది. బురఖా ఆవిడ కూడా విన్నది. ఆమె ఆండాలు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కౌన్ హై అమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"మనసొంటోళ్లే," అంది ఆండాలు. "డరో మత్. పడుకో."

ఖాళీ అయిన చోట దుప్పట్లు పరిచి అందరినీ పడుకోబెట్టింది. రెండు రోజులు ఆ ఇంట్లో అరవై మందికి పైగా ఉన్నారు. ఎవరికీ చోటు చాలలేదన్న మాట రాలేదు. కర్ఫ్యూ సడలించాక ఎవరి దారిన వాళ్లు పోయారు. బురఖా ఆవిడ ఆ తర్వాత రెండు మూడుసార్లు పిల్లలను తీసుకుని వచ్చి, ఒక పొట్లం ఖర్జూరాలు ఆండాలుకిచ్చి, ఇంకో పొట్లం అడగకుండానే పైకి తీసుకెళ్లి గోడ పక్కన పెట్టి పోయింది.

తర్వాత తర్వాత బస్సులు నాందేడు నుంచే నేరుగా తిరుపతికి నడవడం మొదలైంది. పాతబస్తీలో దిగడానికి యాత్రికులు వెనకాడారు. సత్రం మెల్లగా పలచబడింది. ఎనభై ఆరులో సేటు దాన్ని మూసేశాడు. కింది హాలు అద్దెకిచ్చాడు, పై హాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆండాలు జియాగూడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులతో నడవలేకపోయేది. అయినా వాన ముసురు పట్టిన రోజుల్లో మనవరాలి భుజం పట్టుకుని పురానాపూల్ దాకా వచ్చేది. మెట్లెక్కలేక కిందే నిలబడి, పైకి చూసి, "మంచిగున్నరా?" అని ఒక మాట అడిగి, తిరిగి పోయేది.